ఐస్‌పెట్టెలో హెల్మెట్

2007 అక్టోబరులో నన్ను ఒక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఫిజియోథెరపిస్టుగా వేశారు. వేశారు అనే మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే నన్నెవరూ అడగలేదు.

అప్పటికి నేను చీరాల వదిలి బహ్రెయిన్ వచ్చి చాలా ఏళ్లయింది. సల్మానియాలో పెద్దాసుపత్రికి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఫిజియోథెరపీ సెంటరులో సీనియర్ థెరపిస్టుని. నా కింద ఇద్దరు జూనియర్లు పనిచేసేవారు. నడుము పట్టేసిన గుమాస్తాలు, మోకాలి ఆపరేషన్ చేయించుకున్న పెద్దవాళ్లు, భుజం లేవని హ్యాండ్‌బాల్ కుర్రాళ్లు, వీళ్లతో నా రోజు గడిచేది. హ్యాండ్‌బాల్ ఆ దేశంలో గల్లీగల్లీకీ ఉన్న ఆట. ఆ కుర్రాళ్లు బంతి జారకుండా వేళ్లకు జిగురు రాసుకుంటారు. ఆ జిగురు నా బల్లల మీద దుప్పట్లకు అంటుకుంటే ఏ సబ్బుకీ వదిలేది కాదు. వాళ్లను నేను తిట్టని వారం లేదు.

సెంటరు యజమాని అబూ ఖలీల్ మా అందరికీ కఫీల్, అంటే మా వీసాలకు పూచీ ఉన్న మనిషి. ఆయన చెయ్యి తీసేస్తే మనం విమానం ఎక్కాల్సిందే. ఆ ఏడాది గల్ఫ్‌లోని నాలుగు ఊళ్లలో నలుగురు డబ్బున్నవాళ్లు కలిసి, ఆటగాళ్లకు జీతాలిచ్చి నాలుగు జట్లు పెట్టారు. అందులో ఒకటి మా కఫీల్‌ది. అమెరికా నుంచి కోచ్‌నీ, సగంమంది ఆటగాళ్లనీ రప్పించి రిఫా అనే ఊళ్లో ఫ్లాట్లు తీసి పెట్టాడు. మా మైదానం కూడా అక్కడే. మిగతా సగం బహ్రెయిన్ కుర్రాళ్లు. జట్టు పేరు డైవర్లు. వాళ్ల తాతల కాలంలో ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ల మీద పెట్టిన పేరు.

ఆట సంగతి నాకు ఓనమాలు తెలియవు. ఫుట్‌బాల్ అంటారు, కాలితో తన్నేది తక్కువ. బంతి కోడిగుడ్డులా ఉంటుంది. చేత్తో విసురుతారు, చేత్తో పట్టుకుంటారు, పట్టుకున్నవాణ్ణి ఎదుటివాళ్లు వచ్చి గుద్ది పడేస్తారు. ఈ గుద్దుడంతా నిబంధనల ప్రకారమే. అందుకే భుజాలకు దిండ్లలాంటి కవచాలు, తలకు ముందు ఊచలున్న హెల్మెట్. నాకు అర్థమైనంతవరకు ఆ ఆటలో బంతి కన్నా మా వైద్య విభాగానికే పని ఎక్కువ.

మొదటి సమావేశంలో అబూ ఖలీల్ అందరినీ వరసగా కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు. ముత్యాల పడవ మీద ఇద్దరు ముఖ్యమట. ఒకడు మునిగేవాడు, రెండోవాడు సైబ్. సైబ్ అంటే పడవ మీద నిలబడి తాడు పట్టుకునేవాడు. అతను పైకి లాగితే కిందున్నవాడు రావాల్సిందే, ఇంకొక్క ముత్యం అంటూ వాదించే వీల్లేదు. ఇంత చెప్పి నా వైపు చెయ్యి చూపించి, ఈమె మన సైబ్, మీ అందరి తాళ్లూ ఈమె చేతిలో ఉన్నాయి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఏం చేస్తాను.

కోచ్ పేరు వాల్ట్. అరవై దాటినవాడు, మాట తక్కువ. ఆయన నన్ను పక్కకు తీసుకెళ్లి ఉపయోగపడే సంగతి ఒకటి చెప్పాడు. దెబ్బ తగిలిన ఆటగాడు ఎప్పుడూ బాగానే ఉన్నానంటాడు, అతనితో వాదించకు, హెల్మెట్ తీసేసుకో అన్నాడు. హెల్మెట్ లేనివాణ్ణి రిఫరీ మైదానంలోకి రానివ్వడు. వాళ్ల దేశంలో జట్టు వైద్య సిబ్బంది అందరూ చేసే పని అదేనట. నాకు ఆ పద్ధతి నచ్చింది.

మా హోదాలు కూడా అప్పుడే తేల్చుకున్నాం. మ్యాచ్‌కు ఒక ఎముకల డాక్టరు వస్తారు, ఎవరు ఆడాలో ఎవరు ఆడకూడదో వైద్యపరంగా చివరిమాట ఆయనది. ఆయన లేనప్పుడు నాది. కోచ్ దీనికి ఒప్పుకున్నాడు, కఫీల్ తలూపాడు. ఇదంతా నేనే పట్టుబట్టి ఒప్పించాను, ఎందుకంటే అధికారం లేని బాధ్యత నాకు మొదటినుంచీ గిట్టదు.

మ్యాచ్‌లు శుక్రవారం సాయంత్రాలు. గల్ఫ్‌లో మా తెలుగు క్రైస్తవులకు శుక్రవారమే ఆదివారం. పొద్దున కూడిక, తరువాత అందరం కలిసి భోజనం. నేను ప్రార్థన అవగానే అన్నం కూడా తినకుండా పరుగెత్తేదాన్ని. ఎనిమిది గంటల డ్యూటీ చేసినంత పని మ్యాచ్‌కు ముందే ఉండేది. జట్టులో ప్రతివాడి చీలమండలకూ టేపు చుట్టాలి. మడమ దగ్గర మొదలుపెట్టి, ఎనిమిది అంకెలా తిప్పి, రక్తం ఆగనంత వదులుగా, కీలు మెలిక పడనంత బిగువుగా. పాస్టరుగారి భార్య నన్ను పట్టుకుని, "ఏంటే గ్రేసూ, ప్రార్థన అవ్వగానే పారిపోతున్నావు, ఆ బండోళ్ల కాళ్లు కడగడానికా?" అని ఎగతాళి చేసేది. కడగట్లేదు వదినా, కడుతున్నాను అనేదాన్ని.

నన్ను మైదానానికి తీసుకెళ్లేది జట్టు బస్సు డ్రైవరు ఖాజా. జగిత్యాల మనిషి. బహ్రెయిన్‌లో ఉంటూనే "దుబాయికొచ్చి ఇరవై ఏండ్లాయె" అంటాడు. మొదటి రెండు మ్యాచ్‌లు మావాళ్లు చిత్తుగా ఓడిపోయారు. అప్పుడు ఖాజా అద్దంలోంచి నన్ను చూస్తూ, "అక్కా, వీళ్లకు తిండి బంజెయ్యాలె, అప్పుడు ఉరుకుతరు" అన్నాడు.

ఉరికేవాడు ఒకడు దొరికాడు. పేరు ఈసా. ముహర్రక్ ద్వీపంలోని గలాలీ అనే ఊరివాడు. ఇరవై నాలుగేళ్లు. హ్యాండ్‌బాల్ ఆడేవాడు, భుజం నొప్పితో అంతకుముందే నా దగ్గర వైద్యం చేయించుకున్నాడు. నేను డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పినా దక్తూరా అనే పిలిచేవాడు. మా ఇద్దరిదీ అరబ్బీ కలిసిన హిందీ. దూరంగా విసిరిన బంతిని గాలిలోకి ఎగిరి అందుకోవడంలో అమెరికా వాళ్లు కూడా అతని ముందు ఆగలేదు. అతను వచ్చాక మేం గెలవడం మొదలుపెట్టాం. గలాలీ నుంచి కార్ల వరసలు రిఫాకు రావడం మొదలైంది. మనవాడు ఆడుతున్నాడంటే ఆట నియమాలు ఎవరిక్కావాలి, బంతి అతని చేతిలో పడితే చాలు, ఆడా మగా లేచి అరిచేవారు. అబూ ఖలీల్ అయితే ఎవరింటికి వెళ్లినా ఈసా గురించే చెప్పేవాడట.

ఒక్క లోపం ఉండేది. హ్యాండ్‌బాల్‌లో గాలిలోకి ఎగిరినవాణ్ణి కిందినుంచి వచ్చి గుద్దితే తప్పు. పెద్ద శిక్ష పడుతుంది. అందుకే ఆ ఆటగాళ్లు నిర్భయంగా, ఒళ్లంతా విప్పుకుని ఎగురుతారు. ఇక్కడ అది కుదరదు, పట్టుకుంటూనే దెబ్బకు సిద్ధంగా ముడుచుకోవాలి. కోచ్ వందసార్లు చెప్పాడు. ఈసా తలూపేవాడు, ఎగిరేటప్పుడు మాత్రం పాత అలవాటే.

ఫిబ్రవరిలో చివరి మ్యాచ్ మా మైదానంలోనే పడింది. ఇది గెలిచినవాళ్లదే సీజను. స్టాండ్లలో సగం గలాలీయే. ఆట మొదటి సగంలో మా లావుపాటి ఆటగాడొకడికి భుజం కీలు తప్పింది. డాక్టరుగారు అతనితోపాటు అంబులెన్సులో వెళ్లిపోయారు. వెళ్తూ నా చేతిని ఒకసారి గట్టిగా నొక్కారు. అంటే ఇక నీదే అని.

నాలుగు క్వార్టర్ల ఆటలో మూడో క్వార్టరు చివర్లో ఈసాకు ఎత్తుగా బంతి వచ్చింది. ఎగిరాడు. ఎదుటివాడు కిందినుంచి తగిలాడు, ఈసా తలకిందులై తల వెనకభాగం నేలకు కొట్టుకునేలా పడ్డాడు. బంతి మాత్రం వదల్లేదు. జనం లేచి నిలబడ్డారు. అతనూ లేచాడు, చెయ్యి పైకెత్తాడు, ఇంకాస్త ఎక్కువ చప్పట్లు. ఇద్దరు ఆటగాళ్లు రెండు పక్కలా పట్టుకుని నా దగ్గరకు తీసుకొచ్చారు.

మెదడు అదిరిందేమో చూడటానికి అప్పట్లో అడిగే ప్రశ్నలు కొన్ని ఉండేవి. ఇది ఏ మైదానం, ఎన్నో క్వార్టరు, చివరిసారి పాయింట్లు చేసింది ఎవరు, పోయిన వారం ఎవరితో ఆడాం, గెలిచామా ఓడామా. ఊరికే నీ పేరేమిటి అని అడిగితే లాభం లేదు, పేరు ఎవరూ మర్చిపోరు. జరుగుతున్నది తెలుస్తోందా అన్నదే ముఖ్యం. ఈసా అన్నిటికీ చకచకా చెప్పేశాడు. కనుపాపలు బాగానే ఉన్నాయి. ఒంటికాలి మీద నిలబడమంటే నిలబడ్డాడు. అబ్బ, గండం గడిచిందనుకున్నాను. పద్ధతి ప్రకారం కాసేపు బెంచీ మీద కూర్చోబెట్టి, ఇంకోసారి చూస్తానన్నాను.

నీళ్లిచ్చి పక్కనే నిలబడ్డాను. ఈసా ఆటవైపు చూస్తున్నాడు. ఎడమకాలు మోకాలి మీద వేసుకుని, కుడిచేతి వేళ్లతో బూటు పక్కభాగాన్ని తడుముతున్నాడు. తడమడం, వేళ్లు ఒకదానికొకటి రుద్దుకోవడం, చూసుకోవడం, మళ్లీ తడమడం. చేతికి తొడుగులు ఉన్నాయి, ఈ ఆటలో పట్టు కోసం తొడుగులే వేసుకుంటారు.

ఆ తడమడం నాకు తెలుసు. హ్యాండ్‌బాల్ ఆటగాళ్లు జిగురును ఒక ముద్దగా బూటు పక్కన అంటించుకుంటారు. ఆట మధ్యలో వేళ్లు ఆరిపోతే వంగి అక్కడ అద్దుకుంటారు. అది నా దుప్పట్లకు శత్రువు, నాకు తెలియకేం. ఈసా మా జట్టుకు వచ్చినప్పటినుంచీ జిగురు ముట్టలేదు. ఇప్పుడు తొడుగుల మీదనుంచి, లేని జిగురు కోసం వెతుకుతున్నాడు. "ఏం కావాలి?" అని అడిగాను. నా వైపు చూడకుండానే, "జిగురు ఎవరు తీశారు?" అన్నాడు విసుగ్గా.

జవాబులన్నీ సరిగ్గా ఉన్నాయి, మనిషి మాత్రం వేరే ఆటలో ఉన్నాడు. నేనేం అడుగుతానో తెలిసిన తోటి ఆటగాళ్లే ఆ జవాబులు దారిలో చెవిలో చెప్పారని ఖాజా తరువాత నాకు చెప్పాడు. అతను బస్సు పక్కనుంచి చూశాడట. పాపం వాళ్లది ద్రోహం కాదు, అభిమానం. అలాంటి అభిమానాలతోనే మనుషులు పోతారు.

మెదడు ఒకసారి అదిరాక, అది కుదురుకోకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు రావచ్చు. కుర్రవాళ్లలో ఆ భయం మరీ ఎక్కువ. అందుకని ఆ రోజుకు ఇక ఆట లేదు. ఇది ఆలోచించి తేల్చాల్సిన సంగతి కాదు. బెంచీ కింద ఉన్న అతని హెల్మెట్ తీసుకున్నాను. మంచుగడ్డలు పెట్టుకునే పెద్ద ఐస్‌పెట్టె మూత తెరిచి, అందులో పెట్టి, మూత వేసి, దాని మీద కూర్చున్నాను.

నాలుగో క్వార్టరు మొదలైంది. మేం వెనకబడి ఉన్నాం. స్టాండ్లలో ఈసా ఈసా అని లయగా మొదలైంది. కోచ్ చూశాడు, నా దగ్గరకు వచ్చాడు. వాళ్ల దేశంలో ఇలా తల దిమ్మెక్కినవాళ్లు కాసేపట్లో మళ్లీ దిగి ఆడతారన్నాడు. హెల్మెట్ తీసేసుకోమని నేర్పింది మీరే కదా అన్నాను. ఆయన ఐస్‌పెట్టెను చూసి, నన్ను చూసి, టోపీ సర్దుకుని వెనక్కి వెళ్లిపోయాడు. మనిషంటే ఆయన.

ఆ తరువాత అబూ ఖలీల్ స్వయంగా దిగాడు. తోబు అనే పొడవాటి తెల్లటి అంగీ నేలకు తగలకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని స్టాండ్లనుంచి నేరుగా నా ముందుకు. ముందు నవ్వుతూనే అడిగాడు. కుర్రాడు నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాడు, ఇంకేం కావాలి? బూటు సంగతి చెప్పాను. జిగురు కోసం వెతికాడని ఒక జట్టునంతా ముంచుతావా అన్నాడు. ఈసా కూడా లేచి నిలబడి, దక్తూరా నేను బాగున్నాను, మా ఊరంతా చూస్తోంది అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు నేను చూశాను. అయినా లేవలేదు.

అప్పుడు కఫీల్ గొంతు మారింది. నీ వీసా ఎవరి పేరు మీద ఉందో గుర్తుందా అని అడిగాడు. గుర్తుంది అన్నాను. మరి లే అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అబద్ధమెందుకు, భయం కూడా వేసింది. ఆ రెండూ కలిస్తే నాకు గొంతు నిదానమవుతుంది. నన్ను సైబ్ అన్నది మీరు, ఇంతమంది ముందు తాళ్లన్నీ నా చేతిలో పెట్టింది మీరు, నేను తాడు లాగేశాను, మునిగేవాడు వాదించకూడదని కూడా మీరే చెప్పారు అన్నాను. నన్ను పంపించాలంటే రేపు పంపించండి, ఈ పూట మాత్రం నేను ఈ పెట్టె దిగను. ఒక ఆడమనిషిని చెయ్యి పట్టి లేపలేడని నాకు తెలుసు. అంతమంది ముందు అసలే లేపలేడు. ఆ మర్యాదను నేను కావాలనే వాడుకున్నాను.

ఆయన నన్ను వదిలేసి ఖాజాను కేకేశాడు. అదనపు హెల్మెట్లు బస్సు కింది అరలో ఉన్నాయి, తాళం తీసి ఒకటి తెమ్మన్నాడు. నేను అది ఆలోచించనే లేదు. అయిపోయిందనుకున్నాను.

ఖాజా పరుగెత్తుకుంటూ వెళ్లాడు. చాలాసేపటికి చొక్కా జేబులు, ప్యాంటు జేబులు తడుముకుంటూ వచ్చి, "చాబీ నై మిల్‌రహీ అర్బాబ్" అని హిందీలో మొరపెట్టుకున్నాడు. అర్బాబ్ అంటే యజమాని, చాబీ అంటే తాళంచెవి. అటు వెతికాడు, ఇటు వెతికాడు, సీట్ల కింద దూరాడు. అంత శ్రద్ధగా వెతికిన మనిషిని నేను జన్మలో చూడలేదు. ఈలోగా మావాళ్లు ఆఖరి బంతి విసిరారు. ఈసా ఉండాల్సిన చోట ఇంకొకడున్నాడు, వాడు వదిలేశాడు. ఓడిపోయాం.

తిరిగి అదే బస్సులో వచ్చాను. అందరూ ఫ్లాట్ల దగ్గర దిగాక ఖాజా, "చాబీ జేబులనే ఉండె అక్కా" అన్నాడు. నీకేం పుట్టిందయ్యా, నీ వీసా కూడా ఆయన చేతిలోదేగా అన్నాను. "నువ్వు పెట్టె మీదికెల్లి లేస్తవేమోనని చూసిన. నువ్వు లేవకపోతివి. మల్ల నేనెట్ల తాళం తీస్త?" అన్నాడు.

ఆ సాయంత్రమే ఈసాను ఆసుపత్రికి పంపించాను. తలకు స్కాన్ తీశారు. ఏమీ లేదు. రక్తం లేదు, వాపు లేదు, అంతా మామూలే. ఇలాంటి అదురు స్కాన్‌లో కనిపించదని నాకు తెలుసు, కాని అది వినే ఓపిక ఎవరికుంది. గలాలీలో నన్ను ఏమని తిట్టుకున్నారో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

ఆదివారం సెంటరు తెరవగానే అబూ ఖలీల్ పిలిపించాడు. స్కాన్ బాగుంది కదా, వాడికేదో అవుతుందన్నావు, ఆధారం చూపించు అన్నాడు. ఆధారం ఎలా ఉంటుంది, నేను ఆపేశాను కదా అన్నాను. ఆధారం కావాలంటే వాణ్ణి మళ్లీ దింపాలి, రెండో దెబ్బ తగలాలి, వాడు లేవకూడదు, అప్పుడు దొరుకుతుంది మీరడిగే ఆధారం. ఆయన ఖలాస్ అన్నాడు, అంటే ఇక అయిపోయింది అని. నా వీసా రద్దయింది. ఇంకో చోట చేరడానికి ఒప్పుకోలు అడిగాను, ఇవ్వలేదు. చీరాల వచ్చి కొన్ని నెలలు ఇంట్లో కూర్చుని, వేరే ఆసుపత్రి వీసా మీద మళ్లీ బహ్రెయిన్ వెళ్లాను. లీగు ఆ ఒక్క సీజనుతోనే మూతపడింది. ఖాజాను మాత్రం తీసేయలేదు. తాళంచెవి పోగొట్టుకునే డ్రైవరు అని పేరు పెట్టి ఉంచుకున్నారు.

ఆ తరువాత చాలా కాలానికి ఈసా భుజం నొప్పితో నా కొత్త ఆసుపత్రికి వచ్చాడు. మళ్లీ హ్యాండ్‌బాల్ ఆడుతున్నాడు, వేళ్లనిండా జిగురు. బల్ల మీద కూర్చుంటూనే, దక్తూరా, నీ మీద నాకింకా కోపం పోలేదు, నేను దిగి ఉంటే ఆ రోజు గెలిచేవాళ్లం అన్నాడు. ఆఖరి బంతి ఎటునుంచి వచ్చిందో, ఎవరు ఎలా వదిలేశారో, కోచ్ ముఖం ఎలా ఉందో పూసగుచ్చినట్టు చెప్పాడు. తను ఎగరడం, పడటం, బెంచీ మీద కూర్చోవడం మాత్రం ఇప్పటికీ గుర్తులేవట. వీడియోలో చూశాడట. ఆ సంగతి మామూలుగా, నొప్పి ఎక్కడుందో చెప్పినట్టు చెప్పాడు. ఇన్ని గుర్తున్నాయి కదా, కోపం కూడా గుర్తుపెట్టుకో, నాకేం అభ్యంతరం లేదు అని చొక్కా విప్పమన్నాను.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు నన్ను అడుగుతుంటారు, మీ నిర్ణయం సరైనదని ఎప్పుడు తెలిసింది అని. ఎప్పుడూ తెలియలేదు. సమయానికి ఆపినవాళ్లకు రుజువు చేతికి రాదు, అది వచ్చేది ఆపనివాళ్లకే. కాబట్టి మెచ్చుకోలు కోసం చూడొద్దు, ఎవరో ఒకరు మీవైపు ఉంటారని కూడా అనుకోవద్దు. హెల్మెట్ తీసుకోండి, పెట్టెలో పెట్టండి, మూత మీద కూర్చోండి. అదనపు హెల్మెట్లున్న అర తాళంచెవి కూడా ముందే అడిగి తీసుకోండి.